దండోరా దెబ్బలు

సాయంత్రం ఐదులోపు గైడు సారు సంతకంతో కాగితాలు క్యాంపస్ ఆఫీసులో ఇవ్వకపోతే భూదేవి పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఆపడానికి పోలీసులు క్యాంపస్ గేట్లకు ముళ్ళకంచెలు అడ్డం పెట్టారు. ఆమె సీతాఫల్‌మండి మీదుగా చుట్టూ తిరిగి, తార్నాకలో పార్థసారథి సారు ఇంటికి నడిచి వచ్చింది. ఆయన కూర్చోమని కూడా అనలేదు.

ఆమె పరిశోధన దండోరా మీద. రెండో అధ్యాయానికి ఆయన ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి ఉన్నాడు.

"దండన నుంచి పుట్టింది దండోరా. చట్టం మాట. ఇందులో సంగీతం ఎక్కడిదమ్మా?"

"ఉర్దూల ఢిండోరా అంటే డోలే సార్. ముందుగాల వాద్యం పేరు, తర్వాతనే హుకుం పేరు. కొట్టుడుకు ఒక వరుస ఉన్నది."

"ఎవరు చెప్పారు?"

"మా నాయిన, పోచయ్య. ముప్పై ఏండ్లు కోర్టు అమీను ఎంబడి జప్తులకు డప్పు కొట్టిండు."

"డప్పు కొట్టేవాడు ఆధారమా!" ఆయన నవ్వాడు. "ఆ పేరూ, ఈ అధ్యాయమూ తీసెయ్. అప్పుడే సంతకం."

"తియ్య సార్."

అంతలో వీధి మలుపులో డప్పు మోగింది. పార్థసారథి గబుక్కున కిటికీ మూశాడు.

"వచ్చారు మీ ఊరేగింపువాళ్ళు! మీరు వీధిన పడి బాదితే సంగీతం, మేం నోరెత్తితే దోపిడీ. కమలా, గేటుకి తాళం వెయ్!"

భూదేవి చెవి రిక్కించింది. మూడు పొడి దెబ్బలు. ఆపు. రెండు. మళ్ళీ మూడు.

"ఊరేగింపు కాదు సార్. నడిచేటోళ్ళు మధ్యల ఆపరు. ఇది జప్తు చాటింపు. ఇంక జరసేపట్ల కాగితం చదువుతరు."

"నాకు పాఠం చెప్తావా?"

డప్పు ఆగింది. ఎవరిదో గొంతు దావా నంబరు చదవసాగింది. తాళం పట్టుకుని వెళ్ళిన సారు భార్య కమలాదేవి అలాగే తిరిగొచ్చింది.

"ఊరేగింపేం లేదండీ. ఎదురింటి గేటుకి కోర్టువాళ్ళు నోటీసు అంటిస్తున్నారు."

ఆయన కిటికీ రెక్క జానెడు తెరిచాడు. డప్పు మళ్ళీ మొదలైంది. చువ్వ మీద ఆయన వేలు తెలియకుండానే కదిలింది. మూడు. ఆపు. రెండు.

"ఎలా తెలిసింది నీకు?"

"మీరు కొట్టేసిన అధ్యాయంల ఉన్నది సార్. ముప్పై నాలుగో పేజీ."

ఆయన పేజీ తిప్పి చదివాడు. చివరి కాగితం మీద సంతకం గీకి, ఫైలును ఆమె వైపు తోశాడు. అది జారి నేల మీద పడింది.

"గేటు వేసి పో."

భూదేవి వంగి కాగితాలు ఏరుకుంది. పోచయ్య పేరున్న పేజీ ఉందో లేదో చూసుకుంది. టైము నాలుగుంపావు. గేటు వెయ్యకుండానే క్యాంపస్ వైపు పరుగందుకుంది.