బ్రేకు చప్పుడు

"బండికేం కాలే. నీకు బ్రేకు తొక్కుడు తెల్వక గట్ల మొత్తుకుంటది" అన్నాడు నా భర్త పరశురాములు, మస్కట్ నుంచి. పొయ్యి మీద పప్పు పొంగుతోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, గరిటెతో నురగ తీస్తూ వింటున్నాను. బ్రేకు నొక్కినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర కీచుమంటోందని, చప్పుడు రోజురోజుకీ పెరుగుతోందని మళ్ళీ చెప్పాను. "పాటలు పెట్టుకో, ఇనబడది" అని నవ్వాడు.

మా మామ హనుమండ్లుకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు సుల్తానాబాద్ నుంచి కరీంనగర్ తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాలి. తిరుగు ప్రయాణంలో ఆయన బస్సు సీటు మీంచి జారిపోతుంటే, పరశురాములు సెలవులో వచ్చినప్పుడు ఒక పాత కారు కొన్నాడు. నడపాల్సింది మా మరిది మల్లేష్. అతనికి సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, ఎప్పుడూ తీరదు. అందుకని నేను నేర్చుకున్నాను. మా అత్త పోశవ్వ "ఆడిది స్టీరింగు వట్టుకుంటె వాడకట్టంత నవ్వుతున్నది" అంటూనే ముందు సీట్లో మామ దిండు సర్దింది. పొద్దున్నే అందరికీ వండి, మామకు ఉప్పు తక్కువ కూర వేరుగా చేసి, ఆయన్ను తీసుకెళ్ళి, ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని, తిరిగొచ్చి అంట్లు తోముకుంటే, సాయంత్రం ఫోనులో నా భర్త అడిగేది "అలిసిపోయినవా" అని కాదు. "బండికి గీతలేం వడలే గదా" అని.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తానంటే ఒప్పుకోలేదు. "నువ్వు పోకు. ఆడోళ్ళు పోతే లేనిపోని రిపేర్లు జెప్తరు. మల్లేష్ తీస్కపోతడు." మల్లేష్ "రేపు పోదాం వదినె" అన్నాడు. తర్వాత కూడా అదే అన్నాడు.

ఒకరోజు కరీంనగర్ దారిలో వడ్ల ట్రాక్టరు పక్క బాటలోంచి ఒక్కసారిగా రోడ్డెక్కింది. బ్రేకు బలంగా తొక్కాను. కీచుమనలేదు, గరగరమని ఇనుము ఇనుమును గీసిన చప్పుడు. కారు ఆగింది కానీ, ట్రాక్టరు బస్తాల కుట్లు కనిపించేంత దగ్గరికి వెళ్ళి ఆగింది. మామ నా భుజం పట్టుకున్నాడు.

"ఇంట్ల జెప్పకు బిడ్డా. బండి బందు వెడ్తరు. బస్సుల పోవుడు ఇగ నాతోని గాదు."

ఆ పూట ఆయన లోపల మంచం మీద ఉన్నంతసేపూ నేను వరండాలో ఫోనులో వీడియోలు చూశాను. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళేన్ని రెండు వైపులా రెండు ప్యాడ్లు ఒత్తి పడతాయట. అవి అరిగిపోతే వాటికున్న చిన్న రేకు పళ్ళేనికి తగిలి కీచుమంటుందట. మార్చమని చెప్పే చప్పుడు అది. ఇన్ని వారాలుగా నేను చెబుతున్నదీ అదే. అప్పటికీ మార్చకపోతే ఇనుమే రాసుకుంటుంది. విడిభాగాల దుకాణంలో కారు కాగితాలు చూపించి ప్యాడ్లు అడిగితే, దుకాణదారు నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"ఇంట్ల మొగోళ్ళు లేరామ్మా?"

"ఉన్నరు. ప్యాడ్లు ఇయ్యిండ్లి" అన్నాను.

మంథనిలో చుట్టాల పెళ్ళికి అత్త వెళ్ళిన రోజు పని మొదలుపెట్టాను. మామ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, నట్లు వదులు చేసి, జాకీతో బండి ఎత్తి ముందు ఎడమ చక్రం ఊడదీశాను. లోపలి ప్యాడు మీద మందమే మిగల్లేదు. ఒట్టి రేకు. పళ్ళెం మీద సన్నటి గీతలు, ఇంకా లోతుగా దిగలేదు. ప్యాడ్లను పట్టి ఉంచే దిమ్మ కింది బోల్టు ఎంతకీ రాలేదు. పానాకు ఇనుప గొట్టం తొడిగి, దాని మీద నిలబడి తొక్కితే కదిలింది. పాత ప్యాడును అడ్డం పెట్టి ప్యాడ్లను నొక్కే పిస్టన్‌ను మెల్లగా లోపలికి నెట్టి, కొత్త ప్యాడ్లు కూర్చోబెట్టి, రెండో వైపూ అలాగే చేశాను. చక్రాలు బిగించి, బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడే దాకా తొక్కాను. వాడకట్టులో రెండు చుట్లు తిప్పితే ఎక్కడా చప్పుడు లేదు. మోచేతుల దాకా నలుపు. ఎన్నేళ్ళకో ఒక పని, చేశాక చేసింది చేసినట్టే మిగిలింది. వంట చేస్తే తినేస్తారు, ఇల్లు ఊడిస్తే మళ్ళీ దుమ్ము పడుతుంది. ఇది అలా కాదు. నవ్వు ఆగలేదు. మామ కూడా నవ్వాడు. "మొగోని లెక్క జేసినవ్ బిడ్డా" అన్నాడు. ఆ మాట గుచ్చుకున్నా, అప్పుడు దాన్ని కూడా మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

ఆదివారం మల్లేష్ వచ్చి కారు తీసి, తిరిగొచ్చి, అన్నకు వీడియో కాల్ చేశాడు. "బ్రేకులు మంచిగైనయన్నా. నేను చెప్పిన మెకానికే జేసిండనుకుంట." నా భర్త తెర మీద తృప్తిగా తలూపాడు. "మొగోని చెయ్యి వడితే గట్లుంటది."

"ఎవ్వలు జెయ్యలే. నేనే ప్యాడ్లు మార్చిన" అన్నాను.

మల్లేష్ పకపకా నవ్వాడు. నా భర్త నవ్వలేదు. "బ్రేకులతోని ఆటలా? మా బాపును సంపుదామనుకున్నవా? బాపూ, గిది నిజమేనా?"

మామ నావైపు చూడలేదు. ఆయన మందులూ ఆస్పత్రీ అన్నీ ఆ కొడుకు డబ్బు పంపితేనే.

"నాకేమెరుక బిడ్డా. నేను పండుకున్న."

అంతే. నా భర్త తాళాలు మల్లేష్‌కు ఇచ్చేయమన్నాడు. ఇచ్చేశాను. వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడుగుతుంటే తెల్లటి కడుగు నీళ్ళలో నా వేళ్ళు కనిపించాయి. గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా పోలేదు.

డయాలసిస్ రోజు మల్లేష్ కోసం ఎదురుచూశాం. ఫోను ఎత్తలేదు. మామ పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు. చివరికి అత్త దుకాణానికి వెళ్ళి తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "వానికి తీరుత లేదట. నువ్వే తీస్కపో. పెద్దోనికి మాత్రం జెప్పకు, మల్లేషే తీస్కపోయిండని నేను జెప్త."

ఎదురు చెప్పవచ్చు. కానీ మామ అప్పటికే కారు తలుపు పట్టుకుని నిలబడి, గట్టిగా ఊపిరి తీస్తున్నాడు.

ఊరు దాటాక ఆయన ఫోను మోగింది. పక్క సీట్లోంచి ఎత్తాడు. కొడుకు గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

"ఆఁ బిడ్డా... బయలెల్లినం. మల్లేషే నడుపుతుండు" అన్నాడు మామ, స్టీరింగు మీది నా చేతుల్ని చూస్తూ. "మంచిగ నడుపుతుండు."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. "ఏమనుకోకు నర్మదా" అన్నాడు.

"ఏమనుకోలే మామా" అన్నాను. మర్యాదకు అన్న మాటే అనుకున్నాను. కోపం కోసం లోపల వెతికాను. కనీసం ఏడుపు కోసమైనా. ఏదీ లేదు. నేను నిజంగానే ఏమీ అనుకోలేదు. అది తెలిశాక, ట్రాక్టరు అడ్డం వచ్చిన రోజు కూడా పడనంత భయం వేసింది.