కారులోంచి తెరవాల్సిన తలుపు

గురువారం రెండు గంటలకు కౌంటీ ఆఫీసు నుంచి, ఒంటరి ముసలివాళ్ల బాగోగులు చూసే జోలీన్ లూడ్కే వస్తుంది. నేను కారులో కూర్చుని బటన్ నొక్కాలి. గ్యారేజీ తలుపు లేవాలి. లేస్తే ఈ ఇంట్లోనే ఉంటాను. లేవకపోతే పట్నంలో కౌంటీ వాళ్ల ఆశ్రమానికి పోవాలి. ఆమె ఫోన్‌లో ఇదంతా మర్యాదగా చెప్పింది. నాకు మర్యాదగా మాట్లాడేవాళ్లంటేనే ఎక్కువ భయం.

ఆ ఆశ్రమం సంగతి నాకు తెలుసు. మా తమ్ముడు ఆర్విడ్ అక్కడే పోయాడు. పొలం ఈ చివర మాట్లాడితే ఆ చివరికి వినిపించే గొంతు వాడిది. అక్కడ చేరిన మొదటి చలికాలంలోనే మాట మానేశాడు. చివరికి కుర్చీలోంచి జారిపోకుండా నడుముకు పట్టీ వేశారు. నేను చూడ్డానికి వెళ్తే నా ముఖం చూసేవాడు కాదు, నా టోపీ చూసేవాడు.

నవంబరులో నేను పడ్డాను. గ్యారేజీ తలుపు తెరిచే చిన్న రిమోట్ బ్యాటరీ చలికి చచ్చింది. బయట గోడకున్న అంకెల బటన్లతో తలుపెత్తుదామని కారు దిగాను. గడ్డకట్టిన నేల మీద కాలు జారి తుంటి విరిగింది. ఇప్పుడు కర్రతో నడుస్తున్నాను. కారు నడపడానికి డాక్టరు ఒప్పుకున్నాడు, మంచు మీద నడవడానికి ఒప్పుకోలేదు. తలుపు కారులోంచే తెరుచుకుంటే నేల మీద కాలు పెట్టకుండా లోపలికి పోవచ్చు. గ్యారేజీలోంచి వంటింట్లోకి తలుపుంది.

ఆ రోజు పడి ఉన్న నన్ను చూసినవాడు ఎదురింటి డెల్మర్. అంబులెన్సును పిలిచినవాడూ వాడే. అది వాడి రెండో తప్పు. మొదటిది, మూడేళ్ల కిందట నా భార్య మార్గిట్‌ని పాతిపెట్టి వచ్చాక చర్చి నేలమాళిగలో అందరం తలలు వంచుకుని హామ్ శాండ్‌విచ్‌లు తింటుంటే పగలబడి నవ్వాడు. అప్పటి నుంచి వాడితో మాట లేదు. మూడోది, నేను పడ్డ మర్నాడు అడక్కుండానే ట్రాక్టరుతో నా వాకిట్లో మంచు తోశాడు. మంచుతో పాటు నా రిమోట్ కూడా ఎక్కడికో పోయింది. వసంతం దాకా దొరకదు. కొత్తది తెప్పిస్తానన్న కొట్టువాడు ఇంకా తెప్పిస్తూనే ఉన్నాడు.

ఇక మిగిలింది మార్గిట్ కారు. ఎండ తగలకుండా కళ్ల ముందుకు దించుకునే పలకలో దానికి మూడు బటన్లున్నాయి. తలుపెత్తే పాత మోటారుకు మొదటి బటన్ పనిచేసేది. మోటారు మార్చాం, కొత్తదానికి ఆ బటన్‌ని గుర్తుపట్టడం నేర్పాలి. నేర్పడం మోటారుతో వచ్చిన పుస్తకంలో చాలా తేలిక. నిచ్చెనెక్కి, మోటారు వెనక ఉన్న పసుప్పచ్చ బటన్‌ని ఒక్కసారి నొక్కి వదలాలి. అర నిమిషంలో కారులోకి వచ్చి పలకలోని మొదటి బటన్ నొక్కాలి. అంతే. రాసినవాడికి రెండు తుంట్లూ బాగున్నాయి.

గురువారం పొద్దున్నించీ ఎక్కాను, దిగాను. ప్రతిసారీ నేను కారు తలుపు పట్టుకునేసరికి మోటారు మీది చిన్న దీపం ఆరిపోయేది. కారును వెనక్కి తెచ్చి నిచ్చెనకు ఆనించినంత దగ్గర పెట్టాను. అయినా చాల్లేదు. ఒకసారి కర్ర వదిలేసి పరుగెత్తబోయాను. మోకాళ్ల మీద పడ్డాను. లేవడానికి బంపరు పట్టుకున్నాను. ఎదురింటి కిటికీలోంచి డెల్మర్ చూస్తున్నాడేమోనని ముందు అటు చూశాను, తర్వాతే మోకాలు చూసుకున్నాను.

అప్పుడు చీపురు తెచ్చాను. కారు పక్కనే నిలబడి చీపురుకర్ర చివరతో మోటారు మీది పసుప్పచ్చ బటన్ అందుకోవచ్చనుకున్నాను. రెండు చేతులతో ఎత్తి పొడిచాను. కర్ర బటన్ మీద ఆనింది కానీ వదల్లేదు. దీపం వెలిగి, వెలిగి, ఆరిపోయింది. పుస్తకం తీసి చూశాను. ఎక్కువసేపు నొక్కి పట్టుకుంటే మోటారు నేర్చుకున్నదంతా మరిచిపోతుందట. బయట గోడకున్న అంకెల బటన్లు నొక్కి చూశాను. అవీ పనిచేయలేదు. లోపల, వంటింటి తలుపు పక్కన తీగ మీద నడిచే గోడ బటన్ ఒక్కటే మిగిలింది.

ఒంటిగంట దాటింది. గ్యారేజీలో ఒక్కణ్ణే నిలబడి మార్గిట్‌ని తిట్టాను. ఈ పని ఇద్దరిది. ఒకరు పైన ఉండాలి, ఒకరు కారులో ఉండాలి. ఆమె పోవడానికి నా అనుమతి అడగలేదు.

కర్ర పట్టుకుని రోడ్డు దాటాను. అంగుళం అంగుళం దాటాను. డెల్మర్ నేను తట్టకముందే తలుపు తెరిచాడు.

"ఏమోయ్ రోల్ఫ్, దారి తప్పావా?"

"నిచ్చెనెక్కాలి."

"ఎవరు?"

"నువ్వు."

"మూడేళ్లకు నోరు విప్పి నిచ్చెనెక్కమంటావా? కాస్త కాఫీ తాగుదామా అనైనా అనవా?"

"కాఫీ నీ ఇంట్లో ఉంది. అనాల్సింది నువ్వు."

"అంటే ఉంటావా?"

"ఉండను. రెండింటికి కౌంటీ ఆవిడ వస్తుంది. తలుపు లేవకపోతే ఆర్విడ్ ఉన్న చోటికి పోతాను."

డెల్మర్ కోటు వేసుకున్నాడు. రోడ్డు దాటేటప్పుడు నా మోచెయ్యి పట్టుకోబోయాడు. లాక్కున్నాను.

తలుపెత్తి, కారును మళ్లీ బయటికి తెచ్చి, అందులో కూర్చున్నాను. వాడు నిచ్చెనెక్కాడు.

"ఒక్కసారి నొక్కి వదులు," అన్నాను. "పట్టుకున్నావంటే మొత్తం చెరిగిపోతుంది."

"తెలిసిందిలే. నొక్కుతున్నా. ఇదుగో... రోల్ఫ్, ఆ రోజు చర్చిలో పాస్టరు ఏమన్నాడో గుర్తుందా?"

"నోరు మూసుకో."

"గొంతెత్తి ఎరగని శాంతమూర్తి మన మార్గిట్ అన్నాడు. శాంతమూర్తట! నా పుంజు ఆవిడ కూరగాయల మళ్లలో దూరితే చీపురు పట్టుకుని రోడ్డు దాకా తరిమింది. పుంజుని కాదయ్యా, నన్ను. శాంతమూర్తి అనగానే అదే కళ్ల ముందుకొచ్చి నవ్వు..."

మోటారు మీది దీపం ఆరిపోయింది.

"వేలు తీశావా?"

వాడు పైకి చూసుకున్నాడు. "ఇప్పుడు తీశాను."

చీపురు సంగతి నిజమే. ఇందాక నేను పట్టుకున్నదీ ఆ చీపురే. నాకు నవ్వు రాలేదు. స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. తల ఎత్తేసరికి ఉత్తరాల డబ్బా దగ్గర తెల్ల కారు మలుపు తిరుగుతోంది.

"వచ్చేసింది," అన్నాను. "మళ్లీ నొక్కే వ్యవధి లేదు. నువ్వు కనిపించకూడదు. నా అంతట నేను ఉండగలనని చూపించాలి."

డెల్మర్ అప్పటికే నిచ్చెన దిగాడు. "నేను లోపలే ఉంటాను. తలుపు దించేస్తాను. హారన్ కొట్టు, గోడ బటన్ నొక్కుతాను."

"అది మోసం."

"ఆశ్రమంలో బఠాణీ సూప్ పెడతారు. రోజూ."

తలుపు దిగింది. డెల్మర్ దాని వెనక మాయమయ్యాడు.

జోలీన్ లూడ్కే ఎర్ర బూట్లేసుకుని ఆచితూచి నడుస్తూ వచ్చింది. "ఎలా ఉన్నారు రోల్ఫ్ గారూ? కర్ర వాడుతున్నారు కదా?"

"వాడుతున్నాను."

"అయితే చూపించండి."

హారన్ కొట్టాను. పలకలో బటన్ నొక్కాను. తలుపు పైకి లేచింది. డెల్మర్ ఎక్కడా కనిపించలేదు. పెద్ద ఫ్రీజరు వెనక దాక్కుని ఉంటాడు.

"హారన్ ఎందుకండీ?"

"లోపల పిల్లి ఉంటుంది."

"అయ్యో, ముద్దొస్తుందా?"

"రాదు."

మళ్లీ హారన్ కొట్టి తలుపు దించాను. ఆమె తల ఊపింది. అయిపోయిందనుకున్నాను.

"ఒక్కసారి నేను కూర్చుని చూడనా? బటన్ మీ చేతులకు మరీ బిగుతుగా ఉందేమో చూడాలి. మీరు అటు నిలబడండి."

నేను కర్రతో పక్కకు జరిగాను. ఆమె కూర్చుని బటన్ నొక్కింది. హారన్ కొట్టలేదు. తలుపు కదల్లేదు. మళ్లీ నొక్కింది. గాలి వీస్తోంది. దగ్గితే డెల్మర్‌కి వినిపిస్తుందేమోనని దగ్గాను. గట్టిగా దగ్గాను. ఆమె నా వైపు జాలిగా చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఆర్విడ్‌ని కుర్చీలోకి దించుతూ నర్సులు అలాగే చూసేవాళ్లు.

అప్పుడు తలుపు లేవడం మొదలుపెట్టింది. తొందరేమీ లేకుండా, దాని మామూలు నడకతో లేచింది. ముందు రెండు బూట్లు కనిపించాయి. తర్వాత మోకాళ్లు, నూనె మరకల కోటు, చివరికి డెల్మర్ ముఖం. చెయ్యి ఇంకా గోడ బటన్ మీదే ఉంది.

"హారన్ వినపడలేదు," అన్నాడు. "ఏమైందో చూద్దామని తెరిచాను."

జోలీన్ కారు దిగింది. "ఎవరండీ మీరు? ఆ పిల్లి మీరేనా?"

"తలుపు తీసేవాణ్ణమ్మా."

నేను నేల చూశాను. అంతా అయిపోయింది. ఏ గదిలో వేస్తారో, కిటికీ ఏ పక్క ఉంటుందో ఆలోచించడం కూడా మొదలుపెట్టాను.

"మీరు రోజూ వస్తారా?" ఆమె డెల్మర్‌ని అడిగింది.

"ఎదురిల్లే నాది. ఇంకెక్కడికి పోతాను?"

"రోజూ సాయంత్రం వచ్చి, ఈయన ఇంట్లోకి చేరారని చూసి వెళ్తారా?"

"చూస్తానమ్మా."

ఆమె నా వైపు తిరిగింది. "రోల్ఫ్ గారూ, నాకు అబద్ధం చెప్పారు. అది నేను మరిచిపోను. కానీ మిమ్మల్ని చూసే మనిషి లేడనే కదా నా బెంగంతా. తలుపు బాగైతే సరిపోదు. ఈయన వస్తేనే మీరు ఇక్కడ ఉంటారు. ఒప్పుకుంటారా?"

"వీడితో మాట్లాడాలా?"

"అక్కర్లేదు."

నేను ఇంటి వైపు చూశాను. తర్వాత డెల్మర్ వైపు చూశాను. వాడు పెదవి కొరుక్కుంటున్నాడు, నవ్వాపుకోవడానికి.

"ఒప్పుకుంటాను," అన్నాను.

మర్నాడు డెల్మర్ నిచ్చెనెక్కి, నోరు మూసుకుని, బటన్‌ని ఒక్కసారి నొక్కి వదిలాడు. నేను కారులో నొక్కాను. మొదటిసారికే పట్టింది. ఇప్పుడు రోడ్డు మీదుండగానే నొక్కితే తలుపు లేస్తుంది. దానికి డెల్మర్ అవసరం లేదు. అయినా వాడు రోజూ వస్తున్నాడు. రావాలి.

సాయంత్రం సరుకులు వేసుకుని ఇంటికొస్తాను. బటన్ నొక్కుతాను. తలుపు లేస్తుంది. ముందు ఆ బూట్లు కనిపిస్తాయి.

ఇప్పటికీ వాణ్ణి క్షమించలేదు. కారు మెల్లగా లోపలికి పోనిస్తాను, వాడి కాళ్ల మీద నుంచి పోకుండా.