తుర్ఫెనా రెండో కన్ను

పొద్దున్నే సరస్సు ఒడ్డున తుర్ఫెనా ఒక మేకకు దండం పెట్టింది. "ఏం పిన్నీ, మోకాళ్ల నొప్పులు తగ్గాయా?" అని ఆప్యాయంగా అడిగింది కూడా. మేక పలకలేదు. ఈ ఊళ్లో పెద్దవాళ్లకు పొగరెక్కువైపోయిందని గొణుక్కుంటూ ఆవిడ ముందుకు సాగింది. చేపలు ఆరబెడుతున్న ఆడవాళ్లంతా బుట్టలు కింద పడేసి నవ్వారు. ఆ నవ్వులో కోడళ్ల నవ్వు తుర్ఫెనాకు ప్రత్యేకంగా వినబడింది.

రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరిపోయాయి. మొగుడు సరస్సులో పోయిన నాటి నుంచి చేపలకు పొగపెట్టి పిల్లలందర్నీ పెంచిన మనిషి. ఇప్పుడు కోడళ్లు ఆవిడను పొగపొయ్యి దగ్గరకు రానివ్వడం లేదు. నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, వేళకింత తిండి చేతిలో పెడుతున్నారు. చూసేవాళ్లకు అది మర్యాద. తుర్ఫెనాకు మాత్రం జైలు. "నేనింకా చావలేదర్రా, అప్పుడే కుర్చీలో పెట్టి కొలవకండి" అని రోజూ అరిచేది. ఆవిడకు కావలసింది ఒక్కటే. మళ్లీ తన పొయ్యి దగ్గర తను నిలబడాలి.

అలాంటి సమయంలో చిన్నకూతురు అవూర్ పట్నం నుంచి కబురు మోసుకొచ్చింది. "అమ్మా, వచ్చేవారం మన బడిలోనే కంటి ఆపరేషన్లు చేస్తారంట!"

"చల్లని మాట చెప్పావే తల్లీ! డాక్టరెవరు?"

అవూర్ గొంతు సన్నబడింది. "మీ అల్లుడే."

లేవబోయిన తుర్ఫెనా మళ్లీ కుర్చీలో కూలబడింది. వాళ్ల ఆచారం ప్రకారం అత్తా అల్లుడూ ఎదురెదురు పడకూడదు. చెయ్యీ చెయ్యీ తగలకూడదు. ఒక కప్పు కింద నిద్రపోకూడదు. అవూర్ పిల్లలు బడికి వెళ్లే వయసుకొచ్చినా, అల్లుడు ఒకెచ్ మొహం తుర్ఫెనా ఇంతవరకూ చూడలేదు. అతను పండక్కి వస్తే ఆవిడ పెరటి దారిన పక్కింటికి పోయేది. అలాంటిది అతని ముందు వెల్లకిలా పడుకోవడం, అతను తల పట్టుకోవడం! పోనీ వేరే డాక్టరు దగ్గరకు పోదామంటే, పట్నం పెద్దాసుపత్రిలో వచ్చే ఏడాదికి గానీ పిలవరట.

పంచాయితీ మరిది అబుటో దగ్గరకు వెళ్లింది. ఆ ఇంటికి పెద్దమగాడు తనేనని అబుటో నమ్మకం. అన్న పోయిన కొత్తలో, ఇక వదినకు తనే దిక్కంటూ దుప్పటి చంకన పెట్టుకుని వచ్చి, చేపల బుట్టతో వీపు వాయించుకుని వెళ్లిన ఘనుడు. అయినా పెద్దరికం మాత్రం వదులుకోలేదు.

"కుదరదొదినా," అన్నాడు ఈగల్ని తోలుకుంటూ. "అల్లుడి ముందు పడుకుంటావా? వంశమంతటికీ శాపం తగులుద్ది. ఆడోళ్ల కళ్ల కోసం ఊరు నాశనం చేసుకుంటామా?"

"ఏమయ్యా అబుటో, అల్లుణ్ణి చూడకూడదనే గదా ఆచారం?"

"అవును."

"నాకు కళ్లే కనబడవు గదా. మరి చూసేదెట్టా?"

అబుటో ఈగల్ని తోలడం ఆపేశాడు. జవాబు దొరకనప్పుడు ఆ మాటే తనదని చెప్పుకోవడం ఆయన పద్ధతి. "అదే నేనూ చెప్పబోతన్నా," అన్నాడు. కాకపోతే షరతులు పెట్టాడు. అల్లుడు అత్తతో మాట్లాడకూడదు. ఆవిడ గడ్డం దాకా దుప్పటి కప్పుకోవాలి. కట్టు విప్పేసరికి అల్లుడు ఊరి పొలిమేర దాటి ఉండాలి.

ముందు ఒక కంటికే చేశారు. ఆ ఆపరేషన్ ముచ్చట ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకెచ్ నర్సు చెవిలో గుసగుసగా చెబుతాడు. నర్సు అవూర్‌కు చెబుతుంది. అవూర్ తల్లికి చెబుతుంది. "కదలొద్దు" అన్న మాట తన దాకా వచ్చేసరికి తుర్ఫెనా ఓసారి దగ్గి, ముక్కు గోక్కుని, మళ్లీ సర్దుకుని పడుకుంది. దేవుడి దయవల్ల కన్ను మిగిలింది.

మర్నాడు ఒకెచ్‌ను కారెక్కించి వాగు అవతలకు తోలేశాక నర్సు కట్టు విప్పింది. తుర్ఫెనాకు ముందు తన చేతులు కనబడ్డాయి. "ఇవెవరి చేతులే, ఇంత ముసలివి?" అని అడిగింది. తర్వాత అవూర్ తలలో తెల్లవెంట్రుకలు, కోడళ్లు ఊడవని మూలలు, అబుటో చొక్కాకు ఊడిన గుండీలు, అన్నీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఆవిడ ఏడ్చింది, నవ్వింది, నేరుగా పొయ్యి దగ్గరకు పోయి కోడళ్లను తిట్టింది. అంత సంతోషంగా తిట్టడం ఎవరూ ఎప్పుడూ వినలేదు.

అయితే ఒంటికన్నుతో దూరం తెలియడం లేదు. ఇక్కడుందనుకున్న నిప్పు అక్కడ ఉంటుంది. ఓ రోజు చేప తిప్పబోయి ముంజేయి కాల్చుకుంది. కోడళ్లు చడీచప్పుడు లేకుండా కుర్చీ మళ్లీ తెచ్చి నీడలో వేశారు. రెండో కన్ను బాగుపడకపోతే ఇక చచ్చేదాకా ఆ కుర్చీయే గతి.

వానలు వెలిశాక కంటి డాక్టర్లు, ఒకెచ్‌తో సహా, మళ్లీ వచ్చారు. అబుటో ముందే అడ్డం పడ్డాడు. "అప్పుడంటే గుడ్డిదానివి. ఇప్పుడు చూపుంది గదా, చెల్లదు. అయినా ఈ వయసులో ఇంకేం చూస్తావొదినా? ఒక కన్ను చాలదా?"

"మొన్న నీ పన్ను పీకిన నర్సు ఎవరు? నీ కోడలు కాదూ? మామాకోడళ్లకూ ఇదే కట్టుబాటు గదా!"

"అదీ... నేను కళ్లు మూసుకున్నా."

"నోరు తెరిచావు గదా!"

"మగాడి నోరు వేరొదినా."

"సరే, నీ నోరు నువ్వు చూసుకో. నా కన్ను నేను చూసుకుంటా," అని తుర్ఫెనా లేచింది. వెనక అబుటో శాపాల పేర్లు ఒక్కొక్కటే గట్టిగా చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి ఆ పేర్లకు భయపడుతూ పెరిగిన మనిషి ఆవిడ. అయినా కాళ్లు ఆగలేదు.

దుప్పటి తీసుకెళ్లలేదు. కూతుర్ని మధ్యలో నిలబెట్టలేదు. బడిలోకి నడిచి వెళ్లి బల్ల మీద తనే పడుకుంది. ఒకెచ్ మాస్కు వేసుకుని గోడవైపు తిరిగి, కొత్త పెళ్లికొడుకులా తల వంచుకుని నిలబడ్డాడు. నుదుటి నిండా చెమట.

"అత్తమ్మా, అబుటో మామగారి అనుమతి..."

"అడగలా. ఇటు తిరిగి ఆ ముసుగు తియ్యి."

అతను ఇటు తిరిగాడు గానీ తలెత్తలేదు. మాస్కు కిందికి లాగాడు. తుర్ఫెనా బాగుపడ్డ కంటితో అతన్ని తీరిగ్గా చూసింది. నెరిసిన గడ్డం, అలిసిపోయిన మొహం. మంచివాడిలాగే ఉన్నాడు. ఈ మనిషి తను లేని ఇంట్లో ఎన్నిసార్లు ఒంటరిగా అన్నం తిని పోయాడో తలుచుకుంటే ఆవిడకు సిగ్గేసింది.

"నా బిడ్డనెవరికిచ్చానో ఇన్నేళ్లకు చూశాను," అంది. "బాగున్నావు. కాస్త చిక్కావు. అది సరిగా పెట్టట్లేదా?"

నర్సు ఫక్కున నవ్వింది. ఒకెచ్ మాత్రం తన చెప్పుల్నే చూస్తున్నాడు.

"నాయనా," అంది తుర్ఫెనా, "నా కన్ను ఆ నేల మీద లేదు. ఇక్కడుంది. భయపడకుండా చూడు."

ఒకెచ్ తలెత్తి చూశాడు.