ఉగ్రస్తంభం చూసిన చావుపందిరి

నేను ఒక చావుపందిరి గుడ్డను. ఈ మాట వినగానే మీరు కాస్త వెనక్కి జరిగి ఉంటారు. జరగండి. నాకు అలవాటే.

పుట్టినప్పుడు నేను ఇలా లేను. తమిళదేశంలో ఒక మిల్లులో, ఎర్ర చార పక్కన పసుపు చార వేసుకుని, ఒకే తానులో ముగ్గురు తోబుట్టువులతో కలిసి బయటికి వచ్చాను. ప్రొద్దుటూరులో చౌడప్ప గారి టెంట్‌హౌస్‌కు మేమంతా ఒకే మూటలో చేరాం. మొదటి రెండేళ్ళూ పెళ్ళిళ్ళు, పుట్టువెంట్రుకలు, ఓణీల పండుగలు. నా కింద పిల్లలు పరుగెత్తేవారు. పెద్దలు వడ్డన ఆలస్యమైందని అలిగేవారు. ఒక వేసవి మధ్యాహ్నం ఎవరో పెద్దాయన పోయారని కబురు వచ్చింది. మిగిలిన గుడ్డలన్నీ పెళ్ళిళ్ళకు వెళ్ళిపోయాయి. అరలో నేనొక్కదాన్నే ఉన్నాను. వెళ్ళి ఆ ఇంటి ముందు నిలబడ్డాను. ఏడ్చేవాళ్ళకు నీడ ఇచ్చాను. తిరిగి వచ్చేసరికి నా అర మారిపోయింది.

మా వ్యాపారంలో అదొక కట్టుబాటు. చావుకు పోయిన గుడ్డ మళ్ళీ శుభానికి పోకూడదు. నా తోబుట్టువులు ముగ్గురూ పెళ్ళిళ్ళకు పోతూనే ఉన్నారు. మా దారంలో తేడా లేదు, నేతలో తేడా లేదు. తేడా అంతా ఆ ఒక్క మధ్యాహ్నంలోనే ఉంది. నేను చేసిన తప్పేమిటో పదకొండేళ్ళు ఆలోచించాను. నీడ ఇవ్వడం తప్ప మరేమీ కనిపించలేదు.

చౌడప్ప భార్య పేరు ఓబులమ్మ. టెంట్‌హౌస్ గుడ్డలకు అతుకులు వేసేది, అంచులు కుట్టేది ఆమే. యాభై ఒక్క ఏళ్ళ మనిషి. రోజూ దీపం పెట్టకుండా మిషను ముందు కూర్చోదు. ఓబులేశుడంటే అహోబిలం నరసింహస్వామే, ఆ పేరే ఆమెకు పెట్టారు. ఇంటిల్లిపాదీ ఏటా అహోబిలం పోతారు. దిగువ గుడికీ, ఎగువ గుడికీ ఆమెనూ తీసుకుపోతారు. ఆ పైన కొండ కొమ్మున ఉగ్రస్తంభం ఉంది. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం అదేనని భక్తుల నమ్మకం. అక్కడికి మాత్రం మగవాళ్ళూ వయసు పిల్లలూ పోతారు. "నువ్వు ఈడనే కూర్చో, సామాన్లు చూసుకో" అని ఆమెకు చెబుతారు. అలా ఇరవై ఆరు సార్లు ఆమె సామాన్లు చూసుకుంది.

నేను చావుగుడ్డనైన పదకొండో ఏడు కార్తీకంలో కుడి మోకాలు నొప్పి అని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. వేసవి లోపల ఆపరేషన్ చేయించుకోవాలి, ఆ తర్వాత కొండలూ గుట్టలూ మరిచిపోవాలి, అప్పటిదాకా సైకిల్ తొక్కితే మంచిది అన్నాడాయన. ఓబులమ్మ మిగతా మాటలు విన్నదో లేదో కానీ, "వేసవి లోపల" అన్న మాట మాత్రం గట్టిగా విన్నది. చిన్ననాటి నుంచీ సైకిల్ తొక్కే మనిషి ఆమె. ఇప్పటికీ ఊళ్ళో కుట్టిన గుడ్డలు సైకిల్ మీదే ఇచ్చి వస్తుంది.

ఆ రోజు అన్నాల దగ్గర చెప్పింది. "సైకిలు మీద పోతా. గండికోట, బెలుం గుహలు చూసుకుంటా, దావలోనే పండుకుంటా. ఐదో దినం ఉగ్రస్తంభం ఎక్కుతా."

చౌడప్ప ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "దావలో పండుకుంటావా? చూసినోళ్ళు ఏమనుకుంటారే?"

"నిద్రొచ్చినట్టుంది అనుకుంటారు."

పక్కవీధి నుంచి పప్పుగిన్నె తెచ్చిన చౌడప్ప అక్క మద్దిలేటమ్మ గుమ్మంలోనే నిలబడి నవ్వింది. "రేయ్ చౌడా, దీన్ని ఒగతినే పంపిస్తే నీ పరువు పోతాదిరా. నేనూ పోతా. నా పరువు పోయి చానా దినాలైంది."

తమ్ముడికి ఆడవాళ్ళిద్దరితో వాదించే ఓపిక లేదు. "పోండి. నేను వ్యానేసుకోని వెనకాల్నే వస్తా. కాకపోతే ఒగ మాట. నువ్వు ఆ వ్యానెక్కినావంటే, ఇంగ ఈ కొండ మాట ఈ ఇంట్లో ఎత్తకూడదు."

"ఎత్తను," అంది ఓబులమ్మ.

గుడారానికి గుడ్డ కావాలంటే చౌడప్ప చేతులెత్తేశాడు. పెళ్ళిళ్ళ కాలం, ఒక్కటి కూడా ఇవ్వలేనన్నాడు. "ఆ చావుగుడ్డ ఉండాది, కావాలంటే తీసుకో." ఆమె భయపడి మానుకుంటుందని ఆయన ధీమా. ఓబులమ్మ లేచి వచ్చి నన్ను అరలోంచి లాగింది.

మద్దిలేటమ్మే వెనకాడింది. "ఏమే ఓబులమ్మా, చావుపందిరి కింద పండుకుంటామా?"

"మింద పడే ఎండ పెండ్లి ఎండా, చావు ఎండా అని చూస్తాదా వదినా? దాన్ని ఆపే గుడ్డ ఎందుకు చూడాల?"

"నీ నోటికి దండం. కుట్టు, కుట్టు."

కత్తెర పెట్టేముందు నన్ను పసుపునీళ్ళలో తడిపి ఆరేసింది. ఆమెకు నమ్మకం పోలేదు. నమ్మకం అడ్డం వస్తే పక్కకు జరగమని చెప్పే ధైర్యం మాత్రం వచ్చింది. అయితే మనుషులు ఒక కట్టుబాటు కత్తిరించి, ఆ చేత్తోనే ఇంకొకటి కుట్టుకుంటారు. నాకు ఒకే వాకిలి పెట్టి, ఎక్కడ గుడారం వేసినా ఆ వాకిలి తూర్పుకే ఉండాలని తీర్మానించింది. వాస్తు అట. ఇద్దరు ఆడవాళ్ళు ఒక రాత్రి పడుకునే గుడ్డకు వాస్తు ఎందుకని నేను అడగలేను కదా.

నాలుగు పైపు ముక్కలు, ఒక తాడు, బియ్యం, చింతపండు, చిన్న స్టవ్వు, దీపపు కుందె, నేను. రెండు సైకిళ్ళ మీద బయల్దేరాం. జమ్మలమడుగు దాటేలోపే చౌడప్ప వ్యాను మూడుసార్లు మమ్మల్ని దాటింది. "డెలివరీ ఉండాది" అని కేక వేసి పోయేవాడు. ఆ దారిన ఆయన డెలివరీ ఇచ్చే ఊళ్ళు లేవని అక్కకు తెలుసు. "పాపం, వాడికి గాలి డెలివరీ ఉండాది" అంది.

సాయంత్రానికి గండికోట చేరాం. కింద పెన్న, రెండు పక్కలా కోసినట్టు నిలిచిన ఎర్రరాళ్ళు. ఓబులమ్మ లోయ అంచున దండం పెట్టుకుని, తూర్పు వెతుక్కుని నన్ను నిలబెట్టింది. చుట్టూ బెంగళూరు కుర్రవాళ్ళు బుడగల్లాంటి గుడారాలు వేసుకున్నారు. నా చారలు చూసి ఒకడు అడిగాడు. "ఆంటీ, పెళ్ళెవరిది?"

"నీదే నాయనా," అంది మద్దిలేటమ్మ, "పిల్ల కోసమే వెతుకుతాండాం."

అందరూ నవ్వారు. పదకొండేళ్ళ తర్వాత నన్ను చూసి ఒకరు పెళ్ళి అన్నారు. ఆ రాత్రి గాలికి నేను కొంచెం ఎక్కువగానే రెపరెపలాడాను.

రెండో రోజు నాపరాళ్ళ దుమ్ములో బెలుం గుహలు. నేను సైకిల్ వెనకే ఉండిపోయాను. వాళ్ళు చెమటలు కార్చుకుంటూ బయటికి వచ్చారు. లోపల వంగి నడిచేచోట మోకాలు ఒకసారి పట్టేసిందని, వదినకు తెలియకుండా గోడ పట్టుకుని నిలబడ్డానని ఓబులమ్మ ఒప్పుకుంది. "తెలియకుండానా? నువ్వు పండ్లు కొరికిన చప్పుడు గుహంతా ఇనపడింది," అంది మద్దిలేటమ్మ.

మూడో రోజు కోయిలకుంట్ల వైపు నల్లరేగడి చేలు. పొద్దు వాలుతుండగా ఒక శనగచేను గట్టున నన్ను వేశారు, తూర్పు వాకిలితో. కార్తీకంలో వాన ఈశాన్యం నుంచి వస్తుందని ఆ సీమలో పిల్లలకు కూడా తెలుసు. వాస్తు చూసుకునేటప్పుడు పెద్దలకు గుర్తు రాలేదు. స్టవ్వు మీద చారు పొంగే వేళకు వాన తెరిచిన వాకిలిలోంచి చుట్టం లాగా లోపలికి వచ్చింది. బియ్యం తడిసింది, పక్కబట్టలు తడిశాయి, దీపం ఆరింది. నేను నూలు గుడ్డను. ఆపగలిగినంత ఆపాను. ఆ తర్వాత వాళ్ళతో పాటే తడిశాను.

తెల్లవారేసరికి మద్దిలేటమ్మకు ఒళ్ళు కాలిపోతోంది. చౌడప్ప వ్యాను వచ్చి గట్టు దగ్గర ఆగింది. ఆయన అక్కనూ ఆమె సైకిలునూ ఎక్కించి, కంబళి కప్పి, తలుపు తెరిచే పట్టుకున్నాడు. "నువ్వూ ఎక్కు. ఎవురికీ చెప్పనులే."

ఓబులమ్మ వ్యాను వైపు చూసింది. తడిసిన చీర, పట్టేసిన మోకాలు, బురద పట్టి తిరగని చక్రం. అంతసేపు చూస్తుందనుకోలేదు నేను. ఆమె ఎక్కితే నా బతుకు మళ్ళీ ఆ అరలోకే అని నాకు తెలుసు. ఆమె బతుకు దేనిలోకి పోతుందో ఆమెకు తెలుసు.

లోపలి నుంచి మద్దిలేటమ్మ దగ్గుతూ అరిచింది. "ఏమే, నేనెక్కినా గాని మాటిచ్చింది నువ్వు. నువ్వెక్కితే జొరం తగ్గినాక వచ్చి నిన్ను తంతా."

ఓబులమ్మ పుల్ల ఒకటి విరిచి మడ్‌గార్డులోని బురద గీకడం మొదలుపెట్టింది. చౌడప్ప తలుపు మూశాడు. కొంచెం గట్టిగానే మూశాడు.

ఆ రోజు సగం దారి తొక్కింది, సగం దారి తోసింది. చీకటి పడకముందే దిగువ అహోబిలం చేరి, ఒక సత్రం ఆవరణలో నన్ను విప్పింది. తూర్పుకు తిరిగి దండం పెట్టి, "తప్పుగా అనుకోవద్దు స్వామీ" అని వాకిలి పడమరకు తిప్పింది. ఆ రాత్రి చినుకు కూడా లోపలికి రాలేదు. స్వామి తప్పుగా అనుకున్నట్టు లేదు.

ఐదో రోజు పొద్దున ఎగువ గుడి దగ్గర చౌడప్ప ఎదురుచూస్తున్నాడు. అక్కకు జ్వరం తగ్గిందని చెప్పాడు. ఓబులమ్మ నన్ను మడిచి వీపున కట్టుకోవడం చూసి ఆయన ముఖం మారింది.

"చావుగుడ్డను స్వామి దగ్గరికి తీసకపోతావా? మతుండే చేస్తాండావా? దాన్ని ఈడ పెట్టి పో."

"పైన వానొస్తే కప్పుకునేకి కావాల."

"మైలే!"

"పేగులు తీసి మెళ్ళో ఏసుకున్నోడయ్యా ఆయప్ప," అంది ఓబులమ్మ, గొంతు పెంచకుండానే. "ఆయనకు నా గుడ్డ మైలా?"

చౌడప్ప పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

ఓబులమ్మ కర్ర ఒకటి తీసుకుని కొండవాగు వెంట నడిచింది. మెట్లు ఉన్నంత దూరం బాగానే నడిచింది. మెట్లు అయిపోయి బండలు మొదలయ్యాయి. అక్కడ మోకాలు మడత పడనంది. ఒక రాతి మీద కూర్చుని, నా అంచును పళ్ళతో పట్టి రెండు పీలికలు చించి మోకాలికి బిగించి కట్టింది. చినిగిన చప్పుడు నాదే. దాచుకుని ఏం చేసుకుంటాను?

పైనుంచి దిగుతున్న కుర్రవాళ్ళు ఆగారు. "అవ్వా, ఇంకా చానా దూరముంది. వానొచ్చేట్టుంది. తిరిగి పో."

"అవ్వ కాదు, అత్తా అను. దూరమెంతో చెప్పు చాలు. పోవాల్నో వద్దో నేను చెప్తా."

ఒకడు నవ్వి తన చేతిలోని నీళ్ళ సీసా ఇచ్చి పోయాడు. ఆ తర్వాత నిజంగానే వాన వచ్చింది. బండ కింద ముడుచుకుని నన్ను తలమీద వేసుకుంది. వణుకుతూ ఏదో స్తోత్రం మొదలుపెట్టి, మధ్యలో ఆపి, "ఇంత ఎత్తున ఎందుకు కూర్చున్నావు సామీ?" అని అడిగింది. వాన తగ్గగానే లేచింది. చివరి భాగం నడక కాదు. చేతులు, మోచేతులు, మంచి మోకాలు అన్నీ పెట్టి పాకింది. నాలుగుసార్లు జారింది. ఒకసారి నా కొస రాతి ముక్కుకు తగులుకుని ఆమెను ఆపింది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. నేనక్కడ ఉన్నాను, అంతే.

పైన గాలి తప్ప ఎవరూ లేరు. ఓబులమ్మ ఊపిరి కూడదీసుకుని స్తంభం వైపు చూసింది. కోరికలు అడుగుతుందనుకున్నాను. "వచ్చినా," అంది. మోకాలి కట్టు సరిచేసుకుని, "ఇన్నేండ్లు కింద కూర్చున్నా. ఒగసారన్నా నువ్వు దిగి రాల్యా. సరే, నేనే వచ్చినా," అంది. కళ్ళు తుడుచుకుని మొక్కింది. నేను ఆమె వీపు మీదే ఉన్నాను. ఆమె వంగితే నేనూ వంగాను.

దిగివచ్చేసరికి పొద్దు వాలింది. చౌడప్ప ఆమె మోకాలికి కట్టిన చారల పీలికలు చూశాడు. వ్యాను తలుపు తెరిచి, ఎక్కమని చెప్పడానికి మొహమాటపడి నిలబడ్డాడు.

"జరుగు," అంది ఓబులమ్మ. "ఇప్పుడు ఎక్కుతా. పందెం అయిపాయ గదా." ముందు సీట్లో కూర్చుంది. సైకిలు వ్యాను వెనక సామాన్లలోకి పోయింది.

వేసవి రాకముందే ఆపరేషన్ అయింది. నా సంగతి అడిగితే, కొండ దిగినప్పటి నుంచీ నాకు కొత్త తంటా వచ్చింది. మునుపు నన్ను ముట్టుకోనివాళ్ళు ఇప్పుడు కళ్ళకు అద్దుకుంటున్నారు. పెళ్ళిగుడ్డల అరలో పెట్టడానికి చౌడప్పకు చెయ్యి రాదు, పాత అరలో పెట్టడానికి భయం. మిషను పక్కన కుర్చీ మీద పడేశాడు. మైల అన్నా నేను గుడ్డనే, మహిమ అన్నా గుడ్డనే. ఈ రెంటికీ మధ్య ఎండా వానా ఆపే గుడ్డ ఒకటి ఉందని మనుషులకు ఎందుకు కనబడదో నాకు తెలియదు.

మొన్న వీధి చివరింటి కోడలు ఈశ్వరమ్మ వచ్చింది. ఒక పీలిక కావాలంది.

"దేనికే?"

"శివరాత్రికి శ్రీశైలం నడిచి పోతానంటే మా ఇంట్లో పంపడంల్యా అక్కా. ఇది చేతికి కట్టుకుంటే పంపుతారేమోనని."

ఓబులమ్మ మిషను ఆపింది. "కట్టుకుంటే పంపరు ఈశ్వరమ్మా. పీలిక ఇయ్యను. గుడారం కొలతలు ఇస్తా, రాసుకో. నువ్వు కుట్టుకో, నువ్వు పో."

ఈశ్వరమ్మ ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. వారం తిరిగాక, పాత దుప్పటి ఒకటి చంకలో పెట్టుకుని మళ్ళీ వచ్చింది.