దస్తగిరి మానేసిన పని

దస్తగిరి తాగేవాడు కాడు గనకే సారా బట్టీలో ఆ పని దొరికింది. సముద్రం అవతలి దీవిలో, కాంప్ ద మాస్క్ అనే ఊరి దగ్గరి చెరకు ఎస్టేటులో పంచదార తీయగా మిగిలిన మడ్డిని నీళ్ళలో కలిపి, రెండు నిలువుల లోతున్న చెక్కతొట్లలో పులియబెట్టేవారు. అది పొంగి సద్దుమణిగాక బట్టీకెక్కించి రం దింపేవారు. తొట్ల దగ్గర పెట్టిన ప్రతివాడూ నెల తిరక్కుండా తాగుబోతయ్యేవాడు. బట్టీ మేస్త్రీ రోజర్ విసిగిపోయి, చివరికి ఓ ముసల్మానుని పెట్టి చూద్దామనుకున్నాడు. అలా చేరిన దస్తగిరి పదకొండేళ్ళు అక్కడే గడిపాడు. నురగ చప్పుడు విని ఏ తొట్టి పొంగు ఎప్పటికి దిగుతుందో చెప్పగలిగేవాడు. ఒక్క చుక్క నాలిక మీద వేసుకోలేదు.

తాను మడ్డీ నీళ్ళూ కలుపుతున్నాడంతే, అది సారా అయ్యేది అవతలి గదిలో. తన మనసుకి అతను చెప్పుకున్న సమాధానం అదీ.

1913 చలికాలంలో ఒక శుక్రవారం రేకుల మసీదులో నమాజుకి నిలబడితే, పక్కనున్న ముసలాయన ముక్కు చిట్లించి ఓ అడుగు దూరం జరిగాడు. భుజానికి భుజం ఆనించి నిలవాల్సిన వరసలో దస్తగిరి పక్కన చోటు ఖాళీ అయింది. స్నానం చేశాడు, ఉతికిన బట్టలే కట్టాడు. అయినా పులిసిన మడ్డి వాసన ఒంట్లోంచి పోలేదు. నుదురు చాపకి ఆనించాక అతనికి మళ్ళీ తల ఎత్తబుద్ధి కాలేదు.

అందరూ వెళ్ళాక నమాజు చేయించే మియాజీ ముందు కూర్చున్నాడు.

"నా పని పాపమేనా మియాజీ?"

మియాజీ గడ్డం సవరించుకుని చెప్పాడు. "పాపం తాగినోడొక్కడి మీదే పోదు. చేసినోడూ, మోసినోడూ, అమ్మినోడూ అందరూ అందులో ఉన్నారు. నువ్వు చేసేవోడివి. కాని గతిలేనోడికి అల్లా సడలింపు ఇచ్చాడు. వేరే దారి లేకపోతే ఉండు, వెతుక్కుంటూ ఉండు. దారి ఉందో లేదో నాకంటే నీకే బాగా తెలుసు."

దారి ఉంది. చెరకు కోత. భార్య బీబీజాన్ అతని వాచిన మోకాలి వంక చూసి, "ఈ కాలితో వానలో గట్లెంట తిరగ్గలవా?" అంది. ఆ రాత్రి దాకా కూడా ఆగలేదు దస్తగిరి. సాయంత్రమే రోజర్ దగ్గరికి పోయి పని మానేస్తున్నానని చెప్పేశాడు. సోమవారం కత్తి పట్టుకుని పొలంలో దిగాడు. మోకాలు సలుపుతున్నా ఒళ్ళు తేలికైనట్టుంది.

తొట్ల పని అప్పన్నకిచ్చారు. అప్పన్నా దస్తగిరీ ఒకే వరస ఇళ్ళలో ఉండేవారు. ఇద్దరి తండ్రులూ విశాఖపట్నం వైపు నుంచి ఒకే ఓడలో వచ్చినవాళ్ళు. వానకి తడవని పని దొరికిందని అప్పన్న పొంగిపోయి ఆ పొద్దే వచ్చాడు.

"అన్నా, రెండ్రోజులొచ్చి పని చూపెట్టవా?"

"ఆ గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నానురా."

"పోనీ, ఇక్కడే కూకుని నోటితో చెప్పు."

"చెయ్యడం నేర్పితే చేసినట్టే. ఆ మాట నా దగ్గరెత్తకు, అప్పన్నా."

అప్పన్న నొచ్చుకోలేదు. "సర్లే అన్నా, నీ దేవుడి సంగతి నాకేటి తెలుసు," అని నవ్వి వెళ్ళిపోయాడు.

మూడోవారం ఒక మధ్యాహ్నం బట్టీ గంట ఆగకుండా మోగింది. పొలంలో ఉన్న దస్తగిరికి ఎందుకో తెలిసిపోయింది. కత్తి పారేసి కుంటుకుంటూ పరిగెత్తాడు. అప్పన్న ఖాళీ చేసిన తొట్టిలోకి నిచ్చెనేసుకుని అడుగున పేరుకున్న బురద గోకడానికి దిగాడట. దిగినవాడు పలకలేదు. చుట్టూ జనం మూగారు గాని దిగే ధైర్యం ఎవరికీ లేదు. రోజర్ అరుస్తున్నాడు.

పులిసిన తొట్టి అడుగున గాలి ఊపిరికి పనికిరాదు. దస్తగిరి ఎప్పుడూ ముందు లాంతరు తాడుకి కట్టి దింపేవాడు. అది ఆరిపోతే ఆ పూటకి దిగేవాడు కాదు. ఎవరూ నేర్పిన పని కాదది, ఎవరికీ చెప్పిందీ కాదు. రోజర్‌కి కూడా తెలియదు.

నడుముకి తాడు కట్టించుకుని, ఊపిరి బిగబట్టి తనే దిగాడు. అప్పన్న చంకల కింద తాడు వేసి పైకి పంపాడు. ఆకాశం కనపడే చోట పడుకోబెట్టారు. అప్పటికే అంతా అయిపోయింది. "ముందు దీపం దింపి చూడాల్సింది," అని దస్తగిరి అన్నమాట చుట్టూ ఉన్నవాళ్ళంతా విన్నారు.

అప్పన్న భార్య తులసి ఏడవలేదు. అందరూ వెళ్ళేదాకా ఆగి, "దీపం దింపి చూడాలంట. నీకు ముందే తెలుసా అన్నా?" అనడిగింది.

"తెలుసమ్మా."

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది.

దస్తగిరి మళ్ళీ మియాజీ దగ్గరికి వెళ్ళాడు. "నేను ఏ పాపం తప్పించుకున్నట్టు మియాజీ?"

"పని మానడం తప్పు కాదు. ప్రాణం కాపాడే మాట సారా కాదు. అది చెప్పి రావాల్సింది."

"ఆ రోజు మీరు నాకా మాట చెప్పలేదు."

"నాకు తోచలేదు," అన్నాడు మియాజీ. "అందుకు నేనూ జవాబు చెప్పుకోవాలి."

రోజర్ కబురు పెట్టాడు, తిరిగి వచ్చి పనిలో చేరమని. దస్తగిరి చేరలేదు. కొత్తగా పెట్టిన వీరాస్వామికి మాత్రం మూడు పొద్దులు, పొలానికి పోయే ముందు, తొట్ల దగ్గర నిలబడి లాంతరెలా దింపాలో, తాడు పట్టడానికి మనిషినెలా నిలబెట్టుకోవాలో చూపించాడు. వీరాస్వామి విసుక్కున్నా మళ్ళీ మళ్ళీ చేయించాడు.

బీబీజాన్ పంపిన బియ్యం తులసి తీసుకునేది. దస్తగిరి ఎదురైతే మాత్రం తలుపేసుకునేది. కోతలయ్యాక ఆవిడ అన్నదమ్ములు ఫీనిక్స్ ఊరి నుంచి బండి తెచ్చారు. సామాను ఎక్కించడానికి దస్తగిరి వెళ్ళి మంచం ఒక కొస పట్టుకున్నాడు. తులసి చూసింది, వద్దనలేదు. బండి కదిలేటప్పుడు ఆవిడ వీధిలో అందర్నీ పలకరించింది. అతనితో ఒక్క మాటా ఆడలేదు.