భోషాణం మూతకింద రోకలి

ఏటా వానలు దిగేముందు కాసులమ్మ తన భోషాణానికి బయటా, అంచులకీ జీడిపిక్కల నూనె పూస్తుంది. పనస చేవతో చేసిన భోషాణం. నలుగురు పడితేగాని కదలదు. నిరుడు పూయడం కుదరక చెదపట్టి, వెనకపక్క అడుగున వేలు దూరేంత కన్నం పడింది. పడవలకి పూసే ఆ నూనె పూస్తే చెద దరికి రాదు. ఆరేదాకా చెయ్యి తగిలితే మాత్రం పొక్కిపోతుంది. అందుకని అడుగున పరిచిన పాత బొంత తప్ప సామానంతా తీసేసి, మూత ఎత్తి, కింద రోకలి ఆనించి నాలుగు రోజులు గాలికి వదిలేస్తుంది.

"ఓలె సన్యాసీ, ఆ రోకలి ముట్టకే. ఆరకుండా మూత పడితే అంటుకుపోతాది," అని కోడలికి చెప్పి కాసులమ్మ పూండి సంతకి వెళ్ళింది.

సన్యాసమ్మ ముట్టుకుంది. ఇంట్లో రెండో రోకలిని పక్కింటి కన్నమ్మ పట్టుకుపోయింది. వడ్లేమో దంపాలి. అత్త వచ్చేలోపు మళ్ళీ పెట్టేయొచ్చులే అనుకుని మూతని మెల్లగా దించింది. లోపలికి చూడలేదు. ఖాళీ భోషాణంలో చూడ్డానికి ఏముంది?

వడ్లు దంపి, చేటలో చెరుగుతుంటే చెవులకి ఏదో వెలితిగా తోచింది. నాలుగేళ్ళ కూతురు గంగమ్మ నోరు ఒక్క క్షణం ఊరుకునేది కాదు.

"గంగీ!"

పలుకులేదు. పెరట్లో లేదు. కొబ్బరిచెట్ల కింద లేదు. సన్యాసమ్మ నూతి గట్టు పట్టుకుని వంగింది. నీళ్ళలో తన మొహమే కనబడింది. ఇంకా వంగి చూసింది. అక్కణ్ణించి పక్కింటికి పరిగెత్తి, పిల్ల వచ్చిందా అని అడిగింది.

"మీ గుంటా? ఇటు రానేదే," అంది కన్నమ్మ. "తోటకెల్లిందేమో సూడు. నీ కూతురు నీకంటే తిరుగుబోతు కాదేటి?"

సన్యాసమ్మకి నవ్వు రాలేదు. తోటలోకి పరిగెత్తింది, వెనక్కి పరిగెత్తింది. అప్పుడే సంత నుంచి వచ్చిన కాసులమ్మ నెత్తిమీద గంపతో గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటే, అలాగున్నావు?"

"గుంట కనబడ్డం నేదత్తా."

కాసులమ్మ గంప దించలేదు, పడేసింది. ఇంట్లోకి తొంగిచూసింది. మూసి ఉన్న భోషాణం చూసింది.

"రోకలి ఏదే?"

సన్యాసమ్మ భోషాణం దగ్గరికి ఉరికింది.

ఇద్దరూ మూత పట్టుకుని లాగారు. రాలేదు. పచ్చినూనె బంకలా పట్టేసింది. సన్యాసమ్మ అంచు కింద గోళ్ళు దూర్చింది. చేతులు మండుతున్నా తియ్యలేదు. లోపల నుంచి అలికిడి లేదు. కాసులమ్మ భోషాణం వెనక్కి పాకి, కన్నం దగ్గర చెంప పెట్టింది. ఎంతసేపు పెట్టిందో సన్యాసమ్మకి తెలీదు.

"ఊపిరి తగుల్తందే. గునపం తే!"

గునపం మొన దూర్చి కాసులమ్మ బలంకొద్దీ మోపింది. అంచు చిట్లి మూత లేచింది.

"ఒగ్గీకే! ఒగ్గితే గుంట తలమీద పడతాది!"

సన్యాసమ్మ భుజం దూర్చి ఆ బరువంతా మోసింది. మెడ విరిగిపోతుందనిపించింది. కాసులమ్మ లోపలికి వంగి, అడుగున పాత బొంతమీద కన్నానికి మూతి ఆనించి పడుకున్న పిల్లని పైకి తీసింది. చెమటతో తడిసిపోయింది. అరచేతులు పొక్కాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి.

అరచేతులకి కొబ్బరినూనె రాస్తుంటే గంగి అమ్మ మొహంకేసి చూసింది.

"పిలిసేనమ్మా. నువ్వు దంపతన్నావు."



మర్నాడు కన్నం పూడ్చడానికి వడ్రంగి జోగారావు వచ్చాడు. కాసులమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"అదలాగే ఉండనీ బాబూ. దూలానికి ఓ కొక్కెం కొట్టు. మూతని తాడేసి కట్టుకుంటాం."

చేతులు మానాక సన్యాసమ్మ మళ్ళీ రోకలి పట్టింది. నాలుగు పోట్లు వేసి ఆగుతుంది. విని, మళ్ళీ నాలుగు వేస్తుంది. పిల్ల ఎదురుగా మట్టిలో ఆడుకుంటున్నా అంతే.

"ఏటలా ఆగాగి దంపతావు? వడ్లేటైనా సెప్తన్నాయా?" అని కన్నమ్మ గోడ మీంచి నవ్వుతుంది.

సన్యాసమ్మ రోకలి ఎత్తి పట్టుకుని వింటూ ఉంటుంది.