గాజుపలక మీద సున్నా

“జన్యువుల్లో మార్పులేవీ లేవు” అన్న రిపోర్టు ముందు పెట్టి, పలక చూసుకోనివ్వకుండానే సంతకం చెయ్యమని భర్త కలం అందించేసరికి, అదే ల్యాబులో డాక్టరైన ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంట్లో మొగుడు, ల్యాబులో పెద్ద డాక్టరు. రెండు చోట్లా ఆయన మాటకి ఎదురుండదు.

రోగి ఒక బస్సు డ్రైవరు. గుండె ముందుండే థైమస్ గ్రంథిలో అరుదైన క్యాన్సరు, కత్తికి అందనంతగా పాకింది. గడ్డ కణాల్లో ఫలానా మార్పుంటే ఒక మాత్ర పనిచెయ్యొచ్చు. లేదంటే నొప్పికి మందిచ్చి ఇంటికి పంపేస్తారు. ఆ సంగతి సాయంత్రం డాక్టర్ల సమావేశంలో తేలుతుంది.

ఆవిడ గాజుపలకను మైక్రోస్కోపు కింద పెట్టింది. గడ్డ ఇక్కడుందని నల్లసిరాతో చుట్టిన సున్నా. అందులోని కణాలనే గీకి పరీక్షకి పంపారు.

“ఈ సున్నా ఎవరు చుట్టారు సార్?”

ఇంట్లో ‘ఏమండీ’, ఇక్కడ ‘సార్’. ఈసారి సార్‌లో కారం ఎక్కువైంది.

“నేనే. కణాలు కిక్కిరిసిన చోటే కదా గడ్డ! ఇన్నేళ్ళుగా ఊపిరితిత్తుల క్యాన్సర్లు చూడ్డంలా?”

“ఇది ఊపిరితిత్తి కాదు. థైమస్‌లో కిక్కిరిసేవి తెల్లకణాలు, అవి పెరిగే ఇల్లే అది. గడ్డ ఆ పక్కన పల్చగా ఉంది. దొంగని సందులో వదిలేసి, ఇంటివాళ్ళ జేబులు వెతికి, ఊళ్ళో దొంగే లేడని రాశారు.”

“ఇంటి గొడవలు ఇక్కడ తియ్యకు.”

“ఇంటి గొడవైతే ఎప్పట్లా సర్దుకుపోయేదాన్ని. ఇది అతని ప్రాణం.”

“మళ్ళీ చేస్తే పదిమందిలో నా పరువేం కావాలే?”

“మీ పరువుకేం, మాత్ర లేకుండానే బతుకుతుంది.”

ఆవిడ ఆయన ఎదుటే ఫోన్ చేసి, శాంపిల్ తప్పు చోట తీశామనీ, డ్రైవరు విషయం ఇవాళ తేల్చొద్దనీ సమావేశం వాళ్ళకి చెప్పింది. గడ్డ ముక్కని దాచి ఉంచిన మైనపు దిమ్మ నుంచి మరో పల్చటి పొర కోయించి, కొత్త పలక మీద తనే సున్నా చుట్టింది.

మరుసటి వారం ఫలితం వచ్చింది. మార్పు ఉంది. డ్రైవరుకి మాత్ర మొదలుపెట్టారు.

“చూశావా, మన ల్యాబు ఎంత కష్టమైనదాన్ని పట్టుకుందో!” అన్నాడాయన, కాఫీ కప్పు ఊదుకుంటూ.

అప్పటిదాకా చల్లారుతున్న కోపం ఒక్కసారిగా భగ్గుమంది. ఆవిడ లేచి పాత పలకల బీరువా తలుపులు బార్లా తెరిచింది.

“ఏం వెతుకుతున్నావు?”

“మీరు సున్నాలు చుట్టిన థైమస్ పలకలు. అన్నీ. ఆ రోగుల్లో ఎంతమందిని ఉత్తి చేతుల్తో ఇంటికి పంపించారో చూడాలి.”

ఆయన కప్పు కింద పెట్టాడు. “వాళ్ళంతా ఇంకా బతికుంటారనేనా?”

“ఆ మాట అనడానికి మీకు నోరెలా వచ్చింది?” అంటూ ఆవిడ మొదటి పలకని వెలుతురుకెత్తి పట్టింది.